మైలుతుత్తం స్ఫటికాలు చేసే ముందు ఈ జాగ్రత్తలు

కాపర్ ఆక్సైడును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి కాపర్ సల్ఫేట్, అంటే మైలుతుత్తం, చేయడం చూడ్డానికి తేలికే. ఆమ్లం పోసేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. ద్రావణం ఇగిరే వేళకు ధీమా వచ్చి రక్షణ కళ్లజోడు తీసేస్తారు. చివరి స్ఫటికాన్ని ఆరబెట్టేదాకా అది కళ్లమీదే ఉండాలి.

25 మి.లీ. 1 మోలార్ (లీటరుకు ఒక మోల్ గాఢత ఉన్న) ఆమ్లానికి లెక్క ప్రకారం 2 గ్రాముల ఆక్సైడు సరిపోతుంది. అయినా 2.5 గ్రాములు తూచుకోండి. ఈ అదనం ఎందుకంటే, మిగిలిన ఆక్సైడు వడపోత కాగితం మీద ఆగిపోతుంది. అదే ఆమ్లం మిగిలితే వడపోతలో కిందికి దిగిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటితో పాటు ఆవిరి కాదు కాబట్టి, ఇగిరేకొద్దీ గిన్నెలో గాఢమవుతూ పోతుంది. స్ఫటికాలను అద్దిన కాగితం నల్లబడితే కారణం అదే.

ఆమ్లాన్ని 60 డిగ్రీల దాకా వేడిచేసి, మంట తగ్గించి, ఆక్సైడును కొద్దికొద్దిగా వేస్తూ గాజుకడ్డీతో కలపండి. మరిగించొద్దు. నల్లపొడి ఎంత కలిపినా కరగకుండా అడుగున నిలిస్తే చాలు. ఆక్సైడుకు బదులు కార్బొనేట్ వాడితే వేడి అక్కర్లేదు, కానీ నురగ పొంగుతుంది, పెద్ద బీకరు తీసుకోండి. జింక్ సల్ఫేట్ కోసం జింకు ముక్కలు వేస్తుంటే హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. సోడియం, పొటాషియం లోహాలను మాత్రం ఆమ్లంలో ఎప్పుడూ వేయకూడదు, పేలిపోతాయి.

వడగట్టిన నీలి ద్రావణాన్ని పింగాణీ గిన్నెలో పోసి, నీళ్లు మరిగే బీకరు మీద పెట్టి ఇగర్చండి. నేరుగా మంట మీద పెడితే అంచుల్లో పొడి కట్టి, వేడి రవ్వలు చిటపటమని ఎగిరి ముఖాన పడతాయి. గాజుకడ్డీ ముంచి తీయండి. కొన మీది చుక్క చల్లారగానే స్ఫటికాలు కడితే మంట ఆర్పేయాలి. పూర్తిగా ఎండగట్టి ఇంకా కాల్చితే స్ఫటికజలం (స్ఫటికాల్లో ఇమిడి ఉన్న నీరు) పోయి తెల్లపొడి మిగులుతుంది, మరీ ఎర్రగా కాలిస్తే ఊపిరాడనివ్వని సల్ఫర్ ఆక్సైడ్లు వెలువడతాయి.

గిన్నెను కదపకుండా మర్నాటిదాకా ఉంచితే స్ఫటికాలు పెద్దవి వస్తాయి. వాటిని వడపోత కాగితంతో అద్ది ఆరబెట్టాలి, పొయ్యి మీద కాదు. కంట్లో చుక్క పడితే కనీసం 15 నిమిషాలు పారే నీటితో కడిగి, డాక్టరుకు చూపించండి. మిగిలిన నీలి నీళ్లు చేపలకు విషం, సింకులో పారబోయక లోహవ్యర్థాల సీసాలో పోయండి.