కార్తీకంలో గోపాల్‌పూర్ వెళ్తున్నారా? బ్యాటరీ బండి ఎక్కే ముందు ఒక్కసారి వెనక నుంచి తోసి చూడండి

పోయిన ఆదివారం మా ఇచ్ఛాపురం నుంచి ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ చూడ్డానికి వెళ్లిన రిటైర్డ్ మాస్టారొకరు తుంటి ఎముక విరిగి ఇప్పుడు బరంపురంలో మంచం మీదున్నారు. ఆయనది మొబిలిటీ స్కూటర్, అంటే ఎక్కువ దూరం నడవలేని పెద్దవాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి. ఆయన దాన్ని నడపడంలో తప్పు చెయ్యలేదు. అసలు నడపనేలేదు. ట్రాలీ ఆటోలోంచి బండి దింపి వాలు రోడ్డు మీద నిలబెట్టారు. "ఎక్కండి నాన్నా" అన్నారు. ఎక్కారు. తాళం తిప్పేలోపే బండి వెనక్కి జారిపోయింది.

ఇలాంటిది నేను చూడడం ఇది మూడోసారి. మూడుసార్లూ కారణం ఒకటే.

మొబిలిటీ స్కూటర్లో హ్యాండిల్ దగ్గర చేతి బొటనవేలి కింద ఉండే లివర్ వదిలేస్తే బండి ఆగుతుంది కదా, అది మోటారుకున్న విద్యుత్ బ్రేకు పట్టుకోవడం వల్ల. తాళం తీసేసినా ఆ బ్రేకు పట్టే ఉంటుంది. అందుకే మనకు బండి మీద అంత నమ్మకం. అయితే వెనక చక్రాల దగ్గర ఇంకో చిన్న లివర్ ఉంటుంది, ఫ్రీవీల్ లివర్. బండిని చేత్తో తోసుకెళ్లడానికి దాన్ని తిప్పుతాం. తిప్పామంటే ఆ బ్రేకు వదిలేసినట్టే. అప్పుడది ఉత్త చక్రాల కుర్చీ, అదీ మామూలు కుర్చీ కంటే చాలా బరువున్నది.

ఆటో ఎక్కించేటప్పుడు లివర్ తిప్పేది మనవడో, డ్రైవరో. ఎక్కి కూర్చునేది పెద్దాయన. దింపినవాళ్లు వేరు, కూర్చునేవాళ్లు వేరు. మధ్యలో ఆ మాట ఎవరూ చెప్పుకోరు. ఇదీ జరుగుతున్నది.

మా ఇంట్లో అమ్మ బండికి రెండు కట్టుబాట్లు పెట్టాం. లివర్ ఫ్రీలో ఉన్నంతసేపూ సీటు వీపు ముందుకు మడిచే ఉంటుంది. లివర్ తిప్పినవాడే మళ్లీ బ్రేకు పట్టేలా డ్రైవ్‌లో పెట్టి, "అమ్మా, పెట్టేశాను" అని పైకి చెప్పాలి. అప్పుడు కూడా అమ్మ వెంటనే ఎక్కదు. ఒక చెయ్యి సీటు మీద వేసి గట్టిగా తోస్తుంది. చక్రం బిగిసి నిలబడితేనే ఎక్కుతుంది. కదిలితే ఎక్కదు. మీరూ అంతే చెయ్యండి: తోసి చూడండి, కదిలితే ఎక్కకండి.

ఇక గోపాల్‌పూర్ సంగతి. మన తాతల కాలంలో రంగూన్ ఓడ ఎక్కడానికి ఎంతోమంది వెళ్లిన రేవు అది. మా ముత్తాత తమ్ముడు కూడా అక్కడే ఓడ ఎక్కాడని ఇంట్లో చెప్పుకుంటారు. అందుకే ఆ పాత రేవు గోడలు చూడాలని పెద్దవాళ్లకు అంత ఆశ. వెళ్లండి, తప్పకుండా చూపించండి. డ్రైవరుకు మాత్రం లైట్‌హౌస్ దగ్గర బీచ్ అని ముందే చెప్పండి. ఇప్పటి పోర్టు ఆర్జిపల్లి వైపుంది, ఉత్తి "పోర్టు" అంటే అటు తీసుకెళ్లిపోగలరు. గోడలను రోడ్డు మీద నుంచే చూడండి. ఇసుకలోకి దిగితే ముందు చక్రం కూరుకుపోతుంది. అప్పుడు నలుగురు చుట్టూ చేరి, లాగడానికి వీలుగా ఉంటుందని ఎవరో ఒకరు ఫ్రీవీల్ లివర్ తిప్పేస్తారు. మళ్లీ అదే ప్రమాదం.

కార్తీకమంటే తుఫాన్ల కాలం కూడా. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస, మందస వైపు ఏం చేసిందో మళ్లీ చెప్పక్కర్లేదు. గోపాల్‌పూర్‌లోనో కళింగపట్నంలోనో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటే ప్రయాణం మానుకోండి. ఒకటో నంబరే కదా అనకండి.

మిగతావి:

బ్యాటరీ సగానికి రాగానే వెనక్కి తిరగండి. ఎదురుగాలి, వాలు ఛార్జిని తినేస్తాయి.

వాలు మీద బండిని అడ్డంగా తిప్పకండి. మూడు చక్రాల బండైతే పక్కకి పడిపోతుంది.

వెనకున్న చిన్న చక్రాలు అడ్డమొస్తున్నాయని విప్పెయ్యకండి. బండి వెనక్కి తిరగబడకుండా ఆపేవి అవే.

కళింగపట్నం దగ్గరి బౌద్ధ క్షేత్రం సాలిహుండం కూడా చూద్దామనుకుంటే అది కొండ. బండి కిందే ఉంటుంది.

పడవలోకి బండిని మనిషితో సహా ఎక్కించకండి. ట్రాలీ ఆటోలోకి కూడా.

ఇంటికొచ్చాక ఉప్పుగాలి తగిలిన బండిని తడిగుడ్డతో తుడవండి. పైపు పెట్టి కడగకండి. తడి ఆరకుండా ఛార్జింగ్ పెట్టకండి.

వాలు మీద ఎక్కొద్దు. చదును నేల దాకా తోసుకొచ్చి ఎక్కండి.

పిల్లల చేత లివర్ ముట్టించొద్దు.

దింపినవాడు "అంతా సరిగ్గానే ఉంది, ఎక్కండి" అన్నా నమ్మొద్దు. టీ తాగడానికి దిగి మళ్లీ ఎక్కుతున్నా సరే, తోసి చూడండి. కదిలితే ఎక్కకండి.