ఇంట్లో దెబ్బలు తిని డ్యూటీకొచ్చే మనిషికి యాజమాన్యం ఎలా అండగా ఉండాలి?

ముందు సరంజామా. తలుపు పడే ఒక గది, మంచినీళ్లు, ఒక కాగితం. దాని మీద మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయసహాయానికి 15100, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే మీ జిల్లా సఖి కేంద్రం నంబరు. ఆడవాళ్ల బాత్రూం తలుపుకి లోపలివైపు అంటించండి. నోటీసు బోర్డు ముందు నిలబడి ఈ నంబర్లు ఎవరూ రాసుకోరు. మార్చి 8న ఫ్లెక్సీ కట్టి కేకు కోసేవాళ్లకు ఇంత చిన్న సంగతి తట్టదు.

బాధ్యత ఒక్క మనిషికే అప్పగించండి. ఆడమనిషై ఉండాలి, నలభై దాటి ఉండాలి. ‘మాకు అంతర్గత కమిటీ ఉందిగా’ అనకండి. 2013 చట్టం కింద వేసిన ఆ కమిటీ పనిచోట లైంగిక వేధింపుల కోసం. ఇంట్లో మొగుడు కొడితే దాని ముందుకు తెచ్చి ఐదుగురి మధ్య చెప్పించడం ఏం న్యాయం?

ఇక అందరూ చెడగొట్టేది ఆమె నోరు విప్పిన రోజు.

మనవాళ్లకు పంచాయితీ చేసే జబ్బు ఉంది. ‘ఉండమ్మా, నేను మాట్లాడతా’ అని సూపర్‌వైజరు భర్తను పిలిపిస్తాడు. అతను వచ్చి ‘తప్పయిపోయింది సార్’ అంటాడు, టీ తాగి వెళ్తాడు. రాత్రి ఆమెకు పడే దెబ్బలు మాత్రం వీళ్లకు కనపడవు. పన్నెండేళ్లు వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. అలా భర్తను పిలిపించిన సందర్భాలు రెండు చూశాను, రెండుసార్లూ ఆమె మళ్లీ పనిలోకి రాలేదు. అందులో ఒకరిని పిలిపించింది నేనే.

కాబట్టి ఫోన్ ముట్టుకోకండి. ‘పిల్లల మొహం చూసి సర్దుకో’ అనొద్దు. ‘వదిలేసి వచ్చెయ్’ అని కూడా అనొద్దు. ఇల్లు విడిచే వేళ, విడిచిన కొత్తలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎప్పుడు కదలాలో ఆమెకే తెలుసు. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇవాళ ఇంటికెళ్లడానికి భయంగా ఉందా?’ అని అడిగి ఊరుకోండి. మీరిద్దరూ ఒకే వైపు కూర్చోండి, మధ్యలో బల్ల ఉంటే విచారణలా ఉంటుంది. చెప్పింది ఆమె మాటల్లోనే, తేదీతో, నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. రేపు కోర్టులో పనికొస్తుంది. కంప్యూటర్లో వద్దు, పది మంది చూస్తారు.

ఇంకో గుంట ఉంది. రికార్డులో ‘అత్యవసర నంబరు’ దాదాపు ఎప్పుడూ భర్తదే. ఆమె లాయరు దగ్గరికి వెళ్లిన పూట హాజరు గుమాస్తా ‘ఏంటి, రాలేదు?’ అని ఆ నంబరుకే కొడతాడు. ఆ రోజే మార్చేయండి.

మిగతావి తేలిక. ఏటీఎం కార్డు అతని చేతిలో ఉంటే ఆమె కొత్త ఖాతాలో జీతం వేయండి. షిఫ్టు, బస్సు స్టాపు అడిగినట్టు మార్చండి. మన చట్టంలో దీనికంటూ ప్రత్యేక సెలవు లేదు. ఫిలిప్పీన్స్‌లో 2004 నుంచే జీతంతో పది రోజులిస్తున్నారు, మీరూ ఇవ్వొచ్చు. కారణం ‘వ్యక్తిగతం’ అని రాస్తే చాలు.

మేనేజర్లకు తెలియనిది మరొకటి. 2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద, ఆమె పనిచేసే చోట అతను అడుగుపెట్టకుండా మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. అది కూడా అడగమని ఆమె లాయరుకో, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారికో గుర్తుచేయండి. ఉత్తర్వు వచ్చాక, ఆమె సరేనంటే, జిరాక్సు గేటు దగ్గర ఉంచండి. రాత్రి గార్డు మారిన ప్రతిసారీ కొత్తవాడికి చూపించండి.