ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ కొనాలా, పికప్ ట్రక్కు కొనాలా: తిరుపతి, చిత్తూరు దారుల్లో తేల్చుకోవడం ఎలా?

మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా, మారుతి జిమ్నీ వంటి ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీలకూ, ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి పికప్ ట్రక్కులకూ అడుగున ఉండేది ఒకే తరహా చట్రం. నిచ్చెనలాగా రెండు పొడవాటి ఉక్కు దూలాలను అడ్డకమ్మీలతో కలిపి, దాని మీద బాడీని వేరుగా బిగిస్తారు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు, నిటారు ఎక్కుడులో పనికొచ్చే లో రేంజి గేరు కూడా రెండు జాతుల్లోనూ దొరుకుతాయి. అందుకే ఒకదాన్ని చూడటానికి వెళ్లినవారి మనసు రెండోదాని మీదకు కూడా పోతుంది. ధర, బ్రాండు, రంగు పక్కన పెట్టి, కింద చెప్పిన పనులను ఒక్కొక్కటిగా పూర్తి చేస్తే ఆ ఊగిసలాట చాలావరకు తగ్గిపోతుంది.

మొదటి పని: ఒక నోటు పుస్తకం తెరవడం

షోరూముకు వెళ్లకముందు కనీసం నెల రోజుల పాటు మీ ప్రయాణాలను రాసుకోండి. ఎక్కడికి వెళ్లారు, ఎంతమంది వెళ్లారు, వెనుక ఏం వేసుకున్నారు, తారు రోడ్డు దిగి ఎంత దూరం నడిపారు అన్న నాలుగు గడులు చాలు. పాకాల వైపు మామిడి తోట ఉన్న మా బావగారు పికప్ కొనాలని దాదాపు నిశ్చయించుకున్న సమయంలో ఈ పుస్తకం మొదలుపెట్టారు. తోటకు వారానికి రెండుసార్లు వెళ్తున్నప్పటికీ, బండిలో పడేది ఎక్కువగా మందు కొట్టే స్ప్రేయరు, రెండు క్యాన్లు, ఒక డ్రిప్ పైపు చుట్ట మాత్రమేనని, నిజమైన బరువు కాయ కోతకొచ్చే కొద్ది వారాల్లోనే ఉంటుందని, ఆ వారాల్లో ఎటూ బాడుగ బండినే పిలుస్తున్నారని ఆయన రాతే ఆయనకు చెప్పింది. ఏడాదిలో పదిరోజుల అవసరం కోసం మిగిలిన రోజులన్నీ పదిహేడున్నర అడుగుల బండిని నడపడం అవసరమా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

రెండో పని: బరువు లెక్క కట్టడం

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. వెనుక తొట్టి కనిపించగానే టన్ను సరుకు వేయవచ్చని అనుకుంటాము. నాలుగు తలుపుల పికప్‌లో తొట్టి పొడవు సుమారు 5 అడుగులు మాత్రమే; 20 అడుగుల పీవీసీ పైపు ఎస్‌యూవీలో ఎలా పట్టదో ఇందులోనూ అలాగే పట్టదు. అంతకంటే ముఖ్యమైనది మోసే బరువు. బ్రోచరులో స్థూల వాహన బరువు అని ఒక అంకె, ఖాళీ బండి బరువు అని మరో అంకె ఉంటాయి. మొదటి దానిలోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చేదే బండి మోయగల మొత్తం బరువు. అందులో మనుషులు కూడా కలిసే ఉంటారు. ఉదాహరణకు ఆ తేడా 500 కిలోలు అనుకుందాం. ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 350 పోయి, తొట్టికి మిగిలేది 150 కిలోలు. యూరియా బస్తా 45 కిలోలు కాబట్టి మూడు బస్తాలు వేయవచ్చు, నాలుగోది వేయకూడదు. డ్రైవరు ఒక్కడే వెళ్తే తొమ్మిది బస్తాలు వేయవచ్చు. అంటే కుటుంబానికీ సరుకుకూ ఒకే బండి అన్న ఆలోచన, కుటుంబమూ సరుకూ ఒకే రోజు ఎక్కనంతవరకే చెల్లుతుంది.

టమోటా పండించేవారు ఒక నిండు ట్రేను తూకం వేసి, మార్కెట్టుకు ఒక దఫా ఎన్ని ట్రేలు పంపుతారో దానితో గుణించి చూసుకోవాలి. పలమనేరు, పుంగనూరు ప్రాంతాల్లో రైతులు ఒక్క కోతకు పంపే సరుకు ఈ తరహా పికప్‌ల హద్దును తేలికగా దాటిపోతుంది. అలాంటివారికి నా సలహా వి-క్రాసూ కాదు, థారూ కాదు. పసుపు నంబరు బోర్డుతో వచ్చే, ఒకే వరుస సీట్లుండే సింగిల్ క్యాబ్ సరుకు పికప్. మరోవైపు, బరువు తక్కువే అయినా మురికి, వాసన, తడి ఉన్న సరుకు తరచుగా వేసేవారు ఉంటారు. పశువుల దాణా, పాల క్యాన్లు, జనరేటరు, డీజిల్ డబ్బా, మట్టి అంటిన పనిముట్లు ఎస్‌యూవీ లోపల వేస్తే సీట్లకు పట్టిన వాసన ఎన్ని రోజులైనా పోదు. నాలుగు తలుపుల పికప్ నిజంగా వీరి బండి. వాన నుంచి కాపాడటానికి ఒక మంచి టార్పాలిన్ పట్ట, కట్టడానికి గట్టి తాళ్లు ఖర్చులో కలుపుకోవాలి.

మూడో పని: బోర్డు రంగు, పాలసీ కాగితం చదవడం

వి-క్రాస్, హైలక్స్ తెల్ల బోర్డు మీద ప్రైవేటు వాహనాలుగా రిజిస్టరవుతాయి. వాటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. సరుకు రవాణా వాహనంగా రిజిస్టరయ్యే పికప్‌లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. డ్రైవింగ్ లైసెన్సు గురించి ఆందోళన కూడా వద్దు; 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహన) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

తెల్ల బోర్డు పికప్ కొనేవారు ఒక విషయాన్ని తప్పక గమనించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ప్రైవేటు కారు బీమా పాలసీలో వినియోగ పరిమితులు అనే భాగం ఉంటుంది. బాడుగకు తిప్పడానికి, శాంపిళ్లూ సొంత సామాన్లూ కాకుండా ఇతర సరుకులు మోయడానికి పాలసీ వర్తించదని అందులో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. తొట్టి నిండా కాయలు వేసుకుని మండీకి వెళ్తూ ప్రమాదం జరిగితే, క్లెయిము విషయంలో చిక్కు వచ్చే అవకాశం ఉంది. మీరు వేయబోయే సరుకు ఏమిటో బీమా ఏజెంటుకు ముందే చెప్పి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. కూలీలను వెనుక తొట్టిలో ఎక్కించుకోవడం ఏ బోర్డు ఉన్నా చేయకూడని పని.

నాలుగో పని: మీ దారిలో అత్యంత చెడ్డ చోటును కొలవడం

దారి అంతా చెడ్డగా ఉండదు. తోటకు వెళ్లే బాటలో ఒక వంక, ఒక కాలువ కట్ట, ఒక మలుపు మాత్రమే ఇబ్బంది పెడతాయి. అక్కడికి నడిచి వెళ్లి చూడండి. కట్ట ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాలు అవతలకు, వెనుక చక్రాలు ఇవతలకు ఉండగా బండి కడుపు కట్టకు తగలకూడదు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే కడుపు తగిలే ప్రమాదం అంత ఎక్కువ. మూడు తలుపుల థార్‌లో ఆ దూరం 2,450 మిల్లీమీటర్లు, జిమ్నీలో 2,590, హైలక్స్‌లో 3,085. అందుకే నేల నుంచి ఎత్తు ఒకేలా కనిపించినా, కట్టల మీద పొట్టి ఎస్‌యూవీ దాటిపోయిన చోట పికప్ ఆగిపోవచ్చు. పికప్‌కు వెనుక చక్రాల అవతల తొట్టి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి, వంకలోంచి పైకెక్కేటప్పుడు వెనుక బంపరు గీసుకునే అవకాశం కూడా ఎక్కువే.

నీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. థార్ 650, గూర్ఖా 700 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగలవని కంపెనీలు చెప్పే అంకెలు నిలకడ నీటికే వర్తిస్తాయి. పారే నీరు రెండడుగులు ఉంటే చాలు, ఎస్‌యూవీనైనా పికప్‌నైనా తోసుకుపోగలదు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖిని, రాయల చెరువును చూసినవారికి ఈ మాట మళ్లీ చెప్పనక్కరలేదు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఆగి ఉండగలిగేవారికే ఏ బండైనా కొనమని చెబుతాను.

ఇక సస్పెన్షన్. బరువు మోయడానికి పికప్‌ల వెనుక ఇరుసుకు ఆకు పట్టీల స్ప్రింగులు వేస్తారు. థార్, గూర్ఖా, జిమ్నీలకు చుట్ట స్ప్రింగులు ఉంటాయి. తొట్టిలో బరువు లేనప్పుడు ఆ పట్టీలు వంగవు, వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక సాయంత్రం, స్నేహితుడి ఖాళీ పికప్‌ను భాకరాపేట కనుమ దారిలో నేనే నడుపుతున్నాను. అప్పుడే పడిన చినుకులకు దుమ్ము రోడ్డుకు అంటుకుని నున్నగా తయారైంది. ఎడమ మలుపులో వేగం ఎక్కువేమీ లేకపోయినా, యాక్సిలరేటరు కాస్త నొక్కగానే వెనుక భాగం మెల్లగా కుడికి జరగడం వీపుకు తెలిసింది. కాలు తీసి స్టీరింగును నిదానంగా తిప్పేసరికి బండి దారిలోకి వచ్చింది గాని, ఆ మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఉంటే చోటు చాలేది కాదు. అది బండి లోపం కాదు, ఖాళీ తొట్టి స్వభావం. మీ నోటు పుస్తకంలో ఖాళీ ప్రయాణాలు, కనుమ దారులు ఎక్కువగా ఉంటే ఈ ఒక్క కారణానికే ఎస్‌యూవీ వైపు మొగ్గడం సబబు.

ఫోర్ వీల్ డ్రైవ్ పేరు చూసి మురిసిపోకండి. థార్, వి-క్రాస్ రెండింటిలోనూ టూ వీల్ డ్రైవ్ రకాలు కూడా అమ్ముడయ్యాయి కాబట్టి, ముఖ్యంగా పాత బండి కొనేవారు గేరు పక్కన 4హెచ్ (నాలుగు చక్రాలకూ మామూలు గేరు), 4ఎల్ (నాలుగు చక్రాలకూ లో రేంజి గేరు) ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈ తరహా పార్ట్ టైమ్ (అవసరమైనప్పుడే వేసుకునే) ఏర్పాటును పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాల్సి ఉండగా వాటిని కలిపి కట్టేసినట్లవుతుంది, గేరు భాగాలు బిగుసుకుంటాయి. తలకోన పరిసరాల్లో అడవి బాటలు పట్టాలన్న కోరికతో కొనేవారికి కూడా ఒక మాట: ఆ అడవి 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. అనుమతించిన రోడ్డు దిగి నడపడం నేరం, ఏ బండికీ మినహాయింపు లేదు.

ఐదో పని: టేపు తీసుకుని ఇంటి ముందు నిలబడటం

మూడు తలుపుల థార్, జిమ్నీ రెండింటి పొడవూ 3,985 మిల్లీమీటర్లే. హైలక్స్ 5,325, అంటే దాదాపు నాలుగున్నర అడుగులు ఎక్కువ. తిరుపతి గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు పక్క సందుల్లో ఇల్లు ఉన్నవారికి ఈ తేడా రోజూ ఎదురవుతుంది. అపార్టుమెంటులో మీ పేర ఉన్న చోటును, దాని ముందున్న స్తంభాన్ని కూడా కొలిచి, గేటు లోపల బండి తిరుగుతుందో లేదో సుద్దతో గీసి చూడండి.

ఆరో పని: పెద్దవారిని ఎక్కించి చూడటం

కాణిపాకానికి, తిరుమలకు అమ్మానాన్నలను తీసుకెళ్లే ఇంట్లో మూడు తలుపుల బండి నిజంగా ఇబ్బంది పెడుతుంది. ముందు సీటు మడిచి వెనక్కు దూరడం మోకాళ్ల నొప్పులున్నవారికి శిక్షే. ఐదు తలుపుల థార్ రాక్స్, జిమ్నీ, ఐదు తలుపుల గూర్ఖా ఈ సమస్యను తీరుస్తాయి. జిమ్నీలో సామాన్ల చోటు తక్కువ, ఐదుగురూ కూర్చునే వీలు లేదు, అది నలుగురి బండి. పికప్‌లో వెనుక సీటు ఆనుడు నిటారుగా ఉంటుంది కాబట్టి, షోరూములో ఐదు నిమిషాలు కాకుండా ప్రయాణంలో అరగంటైనా కూర్చోబెట్టి అడగండి. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. దాని కొక్కెం మలుపుల్లో పొడవాటి బండిని వెడల్పుగా తిప్పాల్సి వస్తుంది, వెనుక సీటులోవారికి కుదుపు ఎక్కువగా తెలుస్తుంది.

ఏడో పని: మీ బరువుతో, మీ దారిలో టెస్ట్ డ్రైవ్

షోరూమువారు చూపే దారి నున్నని బైపాసు. వీలైతే తోట బాట దాకా వెళ్దామని ముందుగానే అడగండి. కొనే మనసున్నవారిని చాలా చోట్ల కాదనరు. పికప్‌ను రెండుసార్లు నడపాలి, ఒకసారి ఖాళీగా, మరోసారి తొట్టిలో మూడు నాలుగు బస్తాలు వేసి. బరువు పడగానే కుదుపు ఎంత తగ్గిందో, బ్రేకు నొక్కినప్పుడు ఎంత దూరంలో ఆగిందో గమనించండి. డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కరులో ఖాళీ బండికీ, నిండు బండికీ టైరు గాలి ఎంత ఉండాలో ఉంటుంది. నడిపే ముందు అది చూసి గాలి సరిచేయించండి. ఎస్‌యూవీలో వెనుక సీటు మడిచి మీ స్ప్రేయరు, మీ క్యాన్లు పెట్టి చూడండి.

మా బావగారు చివరకు ఐదు తలుపుల ఎస్‌యూవీనే తీసుకున్నారు. కాయల కాలంలో టాటా ఏస్ బాడుగకు పిలుస్తున్నారు. పక్క తోట యజమానికి డెయిరీ కూడా ఉంది. ఆయన లెక్క పికప్ దగ్గర తేలింది, అదీ సరిగ్గానే తేలింది. ఎవరి లెక్క ఎటు తేలినా, అడ్వాన్సు కట్టేముందు క్రాష్ గార్డు (బంపరు ముందు బిగించే ఉక్కు కమ్మీ), ఎత్తు పెంచే కిట్ వంటివి ఉచితమంటే ఒప్పుకోకండి. క్రాష్ గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధించింది. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం. వాటికి బదులుగా లాగుడు తాడు, ఇసుకలో దిగబడితే చక్రాల కింద వేసే పలకలు, టైర్లలో గాలి నింపే చిన్న కంప్రెసరు ఇమ్మని అడగండి.