పాత బూమ్‌బాక్స్‌ల పేరు కాదు, వీపు చూడండి

1970, 80లలో ఒకే ఫ్యాక్టరీ బూమ్‌బాక్స్ (స్పీకర్లతో సహా చేత్తో మోసుకెళ్లే రేడియో-క్యాసెట్ సెట్టు) రెండు మూడు బ్రాండ్ల పేర్లతో అమ్ముడవడం మామూలే. బ్యాడ్జ్, స్పీకర్ జాలీ, నాబ్‌లు తేలిగ్గా మారిపోతాయి, వాటిని నమ్మొద్దు. ప్లాస్టిక్ అచ్చు మార్చడం ఖరీదు. అందుకే రెండు సెట్లు ఒకే ఫ్యాక్టరీవేనా అని తేల్చాలంటే వెనకవైపు స్క్రూ రంధ్రాలు, బ్యాటరీ మూత గొళ్లెం, సాకెట్ల వరుస పోల్చండి. అవి కలిస్తే ప్లగ్, బ్యాటరీలు తీసేసి విప్పండి. లోపలి సర్క్యూట్ బోర్డు మీద అచ్చైన నంబరే గట్టి సాక్ష్యం.

బోర్డు ఒకటైనంత మాత్రాన సెట్టు ఒకటే కాదు. చౌక రకంలో డాల్బీ (టేపు బుస శబ్దాన్ని తగ్గించేది), మెటల్ టేప్ (లోహపు పూత ఉన్న మేలురకం క్యాసెట్) భాగాల చోట ఖాళీ రంధ్రాలే ఉంటాయి. ట్వీటర్ (సన్నని, హెచ్చు స్థాయి శబ్దాల చిన్న స్పీకర్) జాలీ వెనక ఒక్కోసారి ట్వీటరే ఉండదు! పీఎంపీఓ (ప్రచారం కోసం పెంచి చెప్పే క్షణకాలపు గరిష్ఠ శక్తి) వాట్లనైతే అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

డయల్ మీద ఎఫ్ఎం 76–90 ఉంటే అది జపాన్ మార్కెట్ సెట్టు. చాలావాటికి కావలసింది 100 వోల్టులే. లేబుల్ చూడకుండా 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

విడిభాగాల కోసం ఇలా వేరే పేరుతో ఉన్న జోడీ సెట్టు కొంటుంటే టేపు తిప్పే మోటారు వోల్టేజీ, తిరిగే దిశ రెండూ సరిచూడండి. దిశ తేడా వస్తే టేపు చుట్టుకోదు, బయటికొచ్చి నలుగుతుంది.