పడిపోయిన కోటని కంప్యూటర్లో మళ్ళీ లేపడం ఎలా

కోట మోడల్ అనగానే చాలామంది నేరుగా బ్లెండర్ (3D మోడల్స్ చేసే సాఫ్ట్‌వేర్) ఓపెన్ చేసి బురుజులు లేపేస్తారు, చూడ్డానికి బానే ఉంటుంది కానీ అందులో ఏది నిజమో ఏది ఊహో చేసినవాడికి కూడా తర్వాత గుర్తుండదు. ముందు నేల మీద మిగిలింది ఉన్నది ఉన్నట్టు రికార్డ్ చెయ్యండి.

లేజర్ స్కానర్ లేదా? పర్లేదు, మామూలు కెమెరాతో ఫోటోగ్రామెట్రీ, అంటే చాలా ఫోటోల్లోంచి కొలతలూ 3D మోడలూ రాబట్టడం, చేసుకోవచ్చు. (1858లో మైడెన్‌బావర్ అనే జర్మన్ ఆయన వెట్జ్‌లార్‌లో పెద్ద చర్చి కొలతలు తీస్తూ పైనుంచి పడబోయి, ఎక్కే పనిలేకుండా ఫోటోల్లోంచే కొలిస్తే పోలా అనుకున్నాడట, ఈ పద్ధతి తొలినాళ్ళ కథల్లో ఇదొకటి.) మబ్బు పట్టిన రోజైతే బెస్ట్, ఎండ నీడలు సాఫ్ట్‌వేర్‌ని తికమక పెడతాయి. జూమ్ మార్చొద్దు. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో 70-80 శాతం పక్క ఫోటోలోనూ పడాలి, ఒకేచోట నిలబడి కెమెరా తిప్పితే లాభంలేదు, అడుగు జరిగి తియ్యాలి, బురుజు గుండ్రం దగ్గర ఇంకా దగ్గర దగ్గరగా. పొడుగు గోడని ఎదురుగా మాత్రమే తీసుకుంటూ పోతే తిన్నటి గోడ మోడల్లో విల్లులా వంగొస్తుంది, కాబట్టి మధ్యమధ్యలో ఏటవాలుగా కూడా తీసి, కుదిరితే కోట చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికే రండి.

ఫోటోలకి మీటరంటే తెలీదు, టేపుతో కొలిచిన దూరాలు మనమే ఇవ్వాలి. ఒక కొలత మాత్రం ఇవ్వకుండా దాచుకోండి, చివర్లో మోడల్ కరెక్టో కాదో అదే చెప్తుంది. ఫోటోల్ని 3D మోడల్‌గా మార్చడానికి మెష్‌రూమ్, కొలతలకి క్లౌడ్‌కంపేర్, రెండు సాఫ్ట్‌వేర్లూ ఫ్రీనే.

పూడిపోయిన కందకాల కోసం కరోనా అనే పేరున్న శాటిలైట్ల ఫోటోలు వెతకండి, 1960-72 మధ్య అమెరికా గూఢచర్యానికి తీసినవి, 1995లో బయటపెట్టారు, అప్పటికింకా పూడని కందకాలు వాటిలో కనిపించొచ్చు.

ఇక అసలు మజా, గోడ ఎత్తు కనిపెట్టడం. గోడ కింద పడున్న రాళ్ళగుట్టే సాక్ష్యం. మీటరు పొడవు గోడకి రెండు పక్కలా కలిపి 6 ఘనపు మీటర్ల గుట్ట ఉందనుకోండి, రాళ్ళ మధ్య ఖాళీలు 30 శాతం తీసేస్తే 4.2, గోడ మందం 2 మీటర్లైతే కనీసం ఇంకో 2.1 మీటర్లు పైకి ఉండేదన్నమాట. కనీసం అని ఎందుకంటున్నానంటే పాతకోట రాళ్ళు జనం ఇళ్ళకి పట్టుకుపోవడం అన్నిచోట్లా ఉన్నదే. లోపలి గోడల్లో వరసగా బొక్కలుంటే అవి దూలాలు దూర్చినవి అయ్యుండొచ్చు, అలాగైతే అంతస్తు ఎత్తు దొరికినట్టే. పిట్టగోడ ఆకారం మాత్రం దాదాపు ఎప్పుడూ ఊహే, దాని మీద అంత డీటెయిల్ పెట్టి అందంగా చెక్కడం నాకైతే మోసంలా అనిపిస్తుంది.

మోడల్లో రంగులు విడగొట్టండి, ఉన్నది ఒకటి, ఆధారంతో లేపింది ఒకటి, ఊహించింది ఇంకోటి. దేనికి ఏ ఆధారమో రాసిపెట్టాలని 2009 నాటి లండన్ చార్టర్ (పాత కట్టడాల్ని కంప్యూటర్లో చూపించేవాళ్ళ కోసం రాసిన నియమాలు) కూడా చెప్తుంది. ఒరిజినల్ ఫోటోలు మాత్రం డిలీట్ చెయ్యకండి, రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మళ్ళీ వాటితోనే పని.