సంక్రాంతి సెలవుల్లో జ్ఞాన దంతం తీయించుకుంటున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

సెలవులు కలిసొస్తాయని హైదరాబాద్‌లో చాలామంది పండగ ముందే ఈ పని పెట్టుకుంటారు. ఆ టెన్షన్‌లో డాక్టర్ మాటలు సగమే చెవికెక్కుతాయి.

– రక్తపు గడ్డను కదిలించొద్దు. పన్ను తీసిన గుంతలో ముదురు ఎరుపుగా కనిపించేది చెత్త కాదు, కింది ఎముకనూ నరాలనూ కప్పి కాపాడేది అదే. ఊడిపోతే చెవిదాకా లాగే నొప్పి వస్తుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. మొదటి రోజు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు. వారం దాకా స్ట్రా ముట్టుకోవద్దు.

– సిగరెట్, గుట్కా ఆ వారమంతా బంద్. డ్రై సాకెట్‌కు పొగ పెద్ద కారణం.

– రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, గుండెకు ప్రమాదం.

– గుంతపై పెట్టిన గాజుగుడ్డను అరగంట పైనే గట్టిగా కొరికి పట్టండి. మాటిమాటికీ తీసి చూస్తే రక్తం ఆగదు.

– మొదటి రోజు ఇరానీ చాయ్ వద్దు, వేడికి మళ్లీ రక్తం కారొచ్చు. సకినాలు ఎంత ఊరించినా ఆగాల్సిందే, ముక్కలు గుంతలో ఇరుక్కుంటాయి. పెరుగన్నం, చల్లారిన జావ హాయి.

– గోరువెచ్చని ఉప్పునీళ్లు 24 గంటల తర్వాతే.

– కుట్లు కరిగేవా, తీయించుకోవాల్సినవా? అడగండి. తీయాల్సినవైతే సుమారు వారానికి మళ్లీ రావాలి.

– మర్నాడే ఊరికి బస్సెక్కొద్దు. వాపు రెండు మూడు రోజులు పెరగడం మామూలే. కానీ మూడో రోజు నొప్పి ఎక్కువైతే డాక్టర్ దగ్గర్లో ఉండాలి. జ్వరం వచ్చినా అంతే. మింగడం, ఊపిరి కష్టమైతే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.