ఒమేగా సెంటారీ ఫోటో మన జిల్లా నుంచి ఎలా తీయాలంటే

గ్లోబ్యులర్ క్లస్టర్, అంటే లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన గుత్తి, దాని ఫోటో మొదలెట్టాలనుకుంటే నేను చెప్పేది ఒమేగా సెంటారీనే, ఆకాశంలో కనిపించే ఇలాంటి గుత్తుల్లో అన్నిటికన్నా వెలుగున్నది అదే, దూరం 17,000 కాంతి సంవత్సరాల దాకా ఉంటది, యూరప్ వాళ్ళలో చాలామందికి అసలు కనపడదు, మనకి నెల్లూరు నుంచి దక్షిణాన 28 డిగ్రీల ఎత్తుకొస్తది. ఇంత మంచి అవకాశం వదులుకోకూడదు.

మే నెల మధ్యలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రం దక్షిణాన బాగా పైకొచ్చి ఉంటది, చెయ్యి చాచి పిడికిలి పట్టుకుని దాని కింద నిట్టనిలువుగా మూడున్నర పిడికిళ్ళు కొలవండి, అక్కడే ఉంటది. తీరం పక్క రొయ్యల గుంటల లైట్లు, తేమ జాస్తి, అందుకే ఉదయగిరి, కనిగిరి వైపు పోతే మేలు, అమావాస్య దగ్గర్లో.

200 ఎంఎం లెన్స్ చాలు. ఫోకస్ లైవ్ వ్యూలో జూమ్ చేసి చిత్త మీద పెట్టండి, రా ఫార్మాట్, ఐఎస్ఓ 1600. ట్రాకర్ (ఆకాశం తిరిగే కొద్దీ కెమెరాని దాంతో పాటు తిప్పే పరికరం) లేకపోతే ఒక్కో షాట్ ఒకటిన్నర సెకను, వందల్లో తీయండి. ట్రాకర్ ఉంటే 30 సెకన్లవి కొన్ని, 5 సెకన్లవి కొన్ని, ఎందుకంటే మధ్యలో నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, లాంగ్ ఎక్స్‌పోజర్లో అదంతా తెల్ల ముద్దైపోద్ది, ఒకసారి అట్లా కాలిపోయిన చోట ఎడిటింగ్‌లో ఏం చేసినా నక్షత్రాలు తిరిగి రావు. తర్వాత సిరిల్‌లో స్టాక్ చేయండి, అంటే షాట్లన్నీ కలిపి ఒకే ఫోటోగా మార్చడం, ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రీనే. స్ట్రెచ్ చేసేప్పుడు, అంటే చీకటిగా ఉన్న ఫోటోని వెలుగులోకి తెచ్చేప్పుడు, ఆసిన్‌హెచ్ అనే పద్ధతి వాడితే ఎర్ర నక్షత్రాల రంగు నిలబడతది.